నాణెం మీద బొమ్మ ఎవరిది?

హన్నిబాల్‌తో సాగిన యుద్ధం రోమ్ ఖజానాను ఎంత దుస్థితికి ఈడ్చిందో గత భాగంలో చూశాం. కంచు నాణేల బరువు తగ్గుతూ వచ్చింది, పాత వెండి నాణేల్లో కల్తీ పెరిగింది. ఆ ఇక్కట్ల నడుమే, క్రీ.పూ. 211 ప్రాంతంలో, రోమ్ కొత్త వెండి నాణెం వేసింది. దాని పేరు డెనారియస్. ‘పదేసి’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. పది ‘ఆస్’ కంచు నాణేలకు ఒక డెనారియస్ అని లెక్క. అందుకే తొలి నాణేల మీద దేవత తల వెనుక పదిని సూచించే రోమన్ అంకె కనిపిస్తుంది. సిసిలీలోని మోర్గంతీనా పట్టణం ఆ యుద్ధంలోనే నేలమట్టమైంది. ఆ విధ్వంసపు పొరల్లో ఈ నాణేలు దొరకబట్టే వాటి పుట్టుకకు ఇంత కచ్చితంగా తేదీ చెప్పగలుగుతున్నాం. మొదట్లో నాలుగున్నర గ్రాములున్న నాణెం త్వరలోనే 3.9 గ్రాములకు దిగి, దాదాపు రెండున్నర శతాబ్దాలపాటు ఆ బరువు దగ్గరే నిలిచింది. మన కంసాలి లెక్కలో చెప్పాలంటే తులం వెండికి మూడు డెనారియస్‌లు. సంస్కృతంలోకి, అక్కడి నుంచి మన కావ్యభాషలోకి వచ్చిన ‘దీనారం’ ఈ డెనారియస్ వారసురాలే.

ఈ భాగంలో ఆ నాణెం విలువ కంటే దాని మీది బొమ్మ గురించే ఎక్కువ చెప్పాలి. క్రీ.పూ. 44 తొలి నెలల్లో రోమ్ టంకశాల జూలియస్ సీజర్ ముఖంతో డెనారియస్‌లు వేసింది. బతికున్న మనిషి ముఖం రోమ్ నగరపు నాణెం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక నియంత దురహంకారంగా చెప్పి వదిలేస్తాయి. గణతంత్రం ఒక పక్క, దాన్ని కూల్చిన ఒక్క మనిషి మరో పక్క. నాణేలను వరుసగా పేర్చి చూస్తే ఆ కథ నిలబడదు. సీజర్ ముఖం ఎక్కిన మెట్లను అంతకు ముందు తొంభై ఏళ్ళుగా కట్టినవాళ్ళు గణతంత్రానికి మూలస్తంభాలమని చెప్పుకున్న కులీన కుటుంబాలవాళ్ళే. ప్రజల సొమ్ము మీద సొంత వంశాల ప్రతిష్ఠను అచ్చు వేసుకోవడం వాళ్ళు మొదలుపెట్టిన అలవాటు. సీజర్ ఆ అలవాటును చివరిదాకా తీసుకువెళ్ళాడు.

మొదటి డెనారియస్‌ల మీద వ్యక్తి అనేవాడే లేడు. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత తల. బొరుసు వైపు కాస్టర్, పోలక్స్ అనే కవల దేవతలు గుర్రాల మీద దూసుకుపోతుంటారు. మన అశ్వినీ దేవతలను తలపించే ఈ జంట రెగిల్లస్ సరస్సు దగ్గరి యుద్ధంలో రోమన్ల పక్షాన పోరాడారని ఆ నగరవాసుల నమ్మకం. కింద రాసిన మాట ఒక్కటే, ‘రోమా’. నాణెం నగరానిది, దాన్ని కాచేది దేవతలు అని ఆ అచ్చు చెబుతుంది. తర్వాతి దశాబ్దాల్లో చంద్రదేవత రథం, విజయదేవత రథం, జూపిటర్ నాలుగు గుర్రాల రథం వచ్చాయి. మారింది దేవుడే గాని మనిషి రాలేదు. ఒక మూల సన్నని అక్షరాల్లో టంకశాల అధికారి పేరు మాత్రం ఉండేది. జవాబుదారీ కోసం వేసిన గుర్తుగా మొదలైన ఆ పేరే తర్వాత జరిగిన మార్పు మొత్తానికి బీజం.

టంకశాలను నడిపేది ముగ్గురు యువకుల మండలి. బంగారం, వెండి, కంచు పోతపోసి అచ్చు వేయించే ముగ్గురు అని వాళ్ళ పదవి పేరుకు అర్థం. కేపిటోల్ గుట్ట మీద జూనో మొనేటా ఆలయం పక్కనే వాళ్ళ టంకశాల. ఇవాళ మనం వాడే ‘మనీ’ అనే మాట ఆ దేవత బిరుదు నుంచే వచ్చింది. రాజకీయ జీవితంలో తొలి అడుగులు వేస్తున్న కులీన కుటుంబాల కుర్రాళ్ళకు ఈ పదవి దక్కేది. ముందు ముందు ఎన్నికల్లో నిలబడాలి. నలుగురి నోటా పేరు పడాలి. చేతిలో చూస్తే లక్షల వెండి బిళ్ళలు. క్రీ.పూ. 135లో గాయస్ మినూకియస్ ఔగురినస్ అనే అధికారి రథాలనూ గుర్రాలనూ పక్కనపెట్టి, మినూకియస్ వంశపు పూర్వీకుడి గౌరవార్థం నిలిపిన స్తంభాన్ని బొరుసు మీద చెక్కించాడు. మూడు శతాబ్దాల కిందట కరవు కాలంలో ధాన్యం పంచి పేరు తెచ్చుకున్న మినూకియస్ జ్ఞాపకం అది. మరో పదేళ్ళకు మెటెల్లస్ కుటుంబపు అధికారి జూపిటర్‌ను ఏనుగుల రథం ఎక్కించాడు. క్రీ.పూ. 250లో తమ పూర్వీకుడు పనోర్మస్ దగ్గర కార్తేజ్ సైన్యపు ఏనుగులను పట్టుకున్న ఘనతను ఆ నాణెం చెప్పకనే చెప్పింది. దేవుడు దేవుడే, కానీ ఆయన ఎక్కిన వాహనం మెటెల్లస్ ఇంటిది.

ఇందులో మంచి కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఈ ధోరణి వల్లే రోమన్ రాజకీయ జీవితపు అరుదైన దృశ్యాలు మనకు మిగిలాయి. పోర్షియస్ లేకా నాణెం మీద సాయుధుడైన అధికారి ముందు ఒక సామాన్య పౌరుడు నిలబడి ఉంటాడు. కింద ‘ప్రొవోకో’ అని ఉంటుంది. ‘నేను ప్రజల ముందు అప్పీలు చేసుకుంటున్నాను’ అని దాని భావం. పౌరుణ్ణి విచారణ లేకుండా కొరడాలతో కొట్టకూడదన్న చట్టం పోర్షియస్ కుటుంబం పేరు మీద ఉంది. ఇంకో నాణెం మీద ఓటర్లు ఇరుకైన వంతెన దాటి వెళ్ళి ఓటు పలక పెట్టెలో వేస్తారు. ప్రజాహక్కును ఇంత సూటిగా వెండి మీద చెక్కిన ప్రాచీన రాజ్యాలు చాలా తక్కువ. అయితే ఆ హక్కు కూడా ఒక ఇంటిపేరుతో ముడిపడే నాణెం మీదికి వచ్చిందని గమనించాలి. అప్పీలు హక్కు పోర్షియస్ ఇంటి కానుక, ధాన్యం మినూకియస్ ఇంటి దానం. పౌరుడు అందుకునేవాడు, వంశం ఇచ్చేది. నగరానికి ఉన్న ప్రతి మంచికీ ఒక ఇంటి యజమాని పేరు తగులుకుంది.

పూర్వీకుడి నుంచి తండ్రికి, తండ్రి నుంచి తన దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. క్రీ.పూ. 82లో సేనాపతి సుల్లా వేయించిన నాణేల మీద విజయరథంలో నిలుచున్నది సుల్లాయే. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. బొమ్మ చిన్నది, ముఖం పోల్చడం కష్టం, కానీ పేరు స్పష్టంగా ఉంది. క్రీ.పూ. 58 నాటి స్కారస్ నాణెం ఇంకా తెగించింది. ఒంటె పక్కన మోకరిల్లి కొమ్మ చాచిన మనిషి, మీద స్కారస్ పేరు, కింద ‘రాజు అరేటస్’ అన్న అక్షరాలు. నబతీయుల రాజు తనకు లొంగిపోయాడని నాలుగేళ్ళ కిందటి తన ఘనతను తానే చాటుకున్నాడు. జరిగింది వేరు. తిండి గింజలు లేక సైన్యం అల్లాడుతుంటే, 300 టాలెంట్ల సొమ్ము పుచ్చుకొని స్కారస్ వెనుదిరిగాడని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. పెట్రాను గెలవలేకపోయిన సేనాని వెండి మీద విజేత అయ్యాడు. అధికారంలో ఉన్నవాడు తన గురించి తాను చెప్పుకున్న అబద్ధం ప్రభుత్వ ముద్రతో చెలామణి కావడానికి ఇంతకంటే పాత, ఇంత స్పష్టమైన ఉదాహరణ నాకు తెలిసినంతలో రోమ్‌లో లేదు.

బొమ్మ వైపు కూడా ఇదే కాలంలో చేతులు మారింది. క్రీ.పూ. 54లో పాంపేయస్ రూఫస్ అనే అధికారి నాణేనికి ఒక వైపు తన తాత సుల్లా తలను, రెండో వైపు మరో తాత తలను వేయించాడు. సుల్లా చనిపోయి అప్పటికి పాతికేళ్ళు కూడా కాలేదు. ఆయన ముఖం చూసినవాళ్ళు నగరం నిండా ఉన్నారు. క్రీ.పూ. 51లో కోయెలియస్ కాల్డస్ కూడా తన తాత ముఖాన్నే అచ్చు వేయించాడు. రోమా దేవత, జూపిటర్ ఉండాల్సిన చోట నిన్న మొన్నటి రాజకీయ నాయకుల ముఖాలు వచ్చి కూర్చున్నాయి. ఆ 54లోనే టంకశాలలో ఉన్న మరో యువకుడి పేరు మార్కస్ జూనియస్ బ్రూటస్. రాజులను తరిమి గణతంత్రాన్ని స్థాపించిన ఆదిపురుషుడు లూషియస్ బ్రూటస్ తమ వంశమూలమని అతని గర్వం. స్వేచ్ఛాదేవత తల ఒక పక్క, భటుల నడుమ నడిచే ఆదిబ్రూటస్ మరో పక్క ఉన్న నాణేన్ని అతడు వేయించాడు. సేనాని పాంపే నియంత కాబోతున్నాడన్న పుకార్లు నగరంలో ముసురుకున్న రోజులవి. స్వేచ్ఛ అనే మాటను కూడా అతడు ఇంటి ఆస్తిగానే పలికాడు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. చనిపోయినవాడి ముఖం వేరు, బతికున్నవాడి ముఖం వేరు కాదా? వేరే. అలెగ్జాండర్ వారసులైన గ్రీకు రాజులు తమ ముఖాలతో నాణేలు వేసుకున్నారు కాబట్టి, సజీవుడి ముఖమంటే రోమన్ కంటికి రాచరికపు గుర్తు. సీజర్‌కు ఆ గౌరవం దక్కడానికి సెనేట్ ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చిందని కాసియస్ డియో రాశాడు. గీత దాటారని సెనేట్‌కూ తెలుసు. కానీ ఆ గీత అప్పటికి ఎంత సన్నబడిందో చూడాలి. సజీవుడి పేరు ఎక్కింది, సజీవుడి ఘనకార్యం ఎక్కింది, రథంలో సజీవుడి ఆకారం ఎక్కింది, బొమ్మ వైపు మృతుల ముఖాలు ఎక్కాయి. మిగిలింది ఒక్క మెట్టు. పైగా ‘శాశ్వత నియంత సీజర్’ అని రాసిన ఆ నాణేన్ని తిప్పి చూస్తే విజయదేవతను చేత పట్టుకున్న వీనస్ కనిపిస్తుంది. జూలియస్ వంశం తన మూలపుటమ్మగా చెప్పుకున్న దేవత ఆమె. ముందువైపు సాహసం కొత్తదే కావచ్చు, బొరుసు మాత్రం మినూకియస్ స్తంభం వరసలోనిదే.

సీజర్‌ను చంపిన తర్వాత ఏం జరిగిందన్నది ఈ వాదానికి అసలైన గీటురాయి. ముఖం ఎక్కడం ఒక్క సీజర్ అహంకారమే అయివుంటే, అతడితో పాటే ఆ ఆచారమూ పోవాలి. పోలేదు. క్రీ.పూ. 43-42లో సైన్యాన్ని వెంటబెట్టుకొని తూర్పు దేశాల్లో తిరుగుతున్న, ఆ హత్యలో పాల్గొన్న బ్రూటస్ తన సైనికుల జీతాలకు ఒక డెనారియస్ వేయించాడు. బొరుసు మీద రెండు బాకులు, వాటి మధ్య విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీ, కింద హత్య జరిగిన మార్చి 15ను సూచించే ‘ఐడ్స్ ఆఫ్ మార్చ్’ లాటిన్ అక్షరాలు. నియంతను చంపి దేశానికి దాస్యం వదిలించామని దాని చాటింపు. అదే నాణేన్ని తిప్పితే కనిపించేది బ్రూటస్ ముఖం. రాచరికపు గుర్తని దేనికోసం హత్య జరిగిందో, ఆ గుర్తునే హంతకుడు మూడేళ్ళు తిరక్కుండా తన నాణేనికి ఎక్కించుకున్నాడు. దీన్ని కపటం అనడం తేలిక. నాకు మాత్రం ఇది కపటం కంటే లోతైన విషాదంగా కనిపిస్తుంది. గణతంత్రం కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడ్డ మనిషికి కూడా, ఆ గణతంత్రాన్ని తన ఇంటి పేరు, తన ముఖం లేకుండా ఊహించుకోవడం చేతకాలేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అసలు ఈ బొమ్మలను ఎవరు చూశారు? బ్రిటిష్ చరిత్రకారుడు ఎ.హెచ్.ఎం. జోన్స్ 1956లో ఈ ప్రశ్న వేశాడు. ఈ రోజుల్లో తపాలా బిళ్ళ మీది బొమ్మకు ఉన్నంత ప్రాధాన్యమే ఆ నాణేల బొమ్మలకు ఉండి ఉంటుందని, వాటిని చూసి ప్రజాభిప్రాయం మారిపోయిందనడం అతిశయోక్తి అని ఆయన వాదం. ఆ హెచ్చరిక అవసరమే. అక్షరం రాని కూలివాడు వేలెడంత లేని వెండి బిళ్ళ మీద నబతీయ రాజు పేరు చదివి స్కారస్‌కు ఓటు వేశాడని ఎవరూ చెప్పలేరు. కానీ చూపు అసలే లేదనడానికి సాక్ష్యాలు అడ్డుపడతాయి. క్రీ.పూ. 91లో రోమ్ మీద తిరగబడ్డ ఇటలీ తెగలు సొంత డెనారియస్‌లు వేసినప్పుడు, రోమా తల ఉండే చోట ఇటాలియా తలను పెట్టాయి. ఒక నాణెం మీదైతే ఇటలీ ఎద్దు రోమన్ తోడేలును కొమ్ములతో పొడుస్తుంది. బొమ్మలను ఎవరూ పట్టించుకోని లోకంలో తిరుగుబాటుదార్లు ఇంత శ్రమపడరు. బ్రూటస్ బాకుల నాణేన్ని రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా కాసియస్ డియో ప్రత్యేకంగా వర్ణించాడు. పన్ను కట్టాలా వద్దా అని అడిగినవాళ్ళకు డెనారియస్ చూపించి ‘ఈ రూపం ఎవరిది?’ అని యేసు అడిగిన సందర్భం సువార్తల్లో ఉంది. ఆ ప్రశ్నకు యెరూషలేములో నిలబడ్డ మనుషులు తడుముకోకుండా ‘సీజర్‌ది’ అన్నారు.

జోన్స్ వాదానికి అసలు జవాబు మరొకటి ఉందని నా అభిప్రాయం. ఈ బొమ్మలు మొదట గురిపెట్టింది సామాన్యుణ్ణి కాదు, తోటి కులీనులను. తన పైఅధికారి మారియస్‌కు కంటగింపుగా ఉండేలా, శత్రురాజు జుగుర్తాను బంధించి అప్పగిస్తున్న దృశ్యాన్ని సుల్లా ఉంగరం మీద చెక్కించుకున్నాడని ప్లూటార్క్ రాశాడు.   క్రీ.పూ. 56లో సుల్లా కొడుకు ఫౌస్టస్ అదే దృశ్యాన్ని డెనారియస్ మీదికి తెచ్చాడు. ఎత్తైన పీఠం మీద సుల్లా, ముందు మోకరిల్లి కొమ్మ అందించే బొక్కస్ రాజు, వెనుక చేతులు కట్టివేసిన జుగుర్తా. తండ్రి వేలికున్న ఉంగరం కొడుకు చేతిలో దేశపు నాణెమైంది. ప్రైవేటు ముద్ర ప్రభుత్వ ముద్రగా మారిన తీరుకు దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు. సంతలో కూరగాయలమ్మే మనిషి దీన్ని గుర్తుపట్టకపోయినా, సెనేట్‌లో కూర్చున్న మారియస్ పక్షంవాళ్ళు గుర్తుపట్టారు. అంత చాలు.

మొదటి చక్రవర్తి అగస్టస్ నాటికి పోటీ ముగిసింది. బొమ్మ వైపు ఒక్క ఇంటి ముఖమే మిగిలింది, బొరుసు ఆ ఇంటి వార్తలకు కేటాయించబడింది. లుగ్డునం టంకశాల, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్, అగస్టస్ దత్తపుత్రులు గాయస్, లూషియస్ డాళ్ళు పట్టుకొని నిలుచున్న డెనారియస్‌లను విపరీతంగా వేసింది. రాజ్యానికి వారసులు వీళ్ళే అని ఆ నాణెం ప్రకటన. లూషియస్ క్రీ.శ. 2లో, గాయస్ క్రీ.శ. 4లో చనిపోయారు. తర్వాత వచ్చిన టైబీరియస్ నాణెం బొరుసు మీద ఒక స్త్రీమూర్తి ఆసనం మీద కూర్చుని ఉంటుంది. భారతదేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అత్యధిక భాగం ఈ రెండు రకాలే. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో బయటపడ్డ నిధిలో 1500కు పైగా డెనారియస్‌లున్నాయి. పి.ఎల్. గుప్త 1965లో ప్రచురించిన ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల గ్రంథంలో వాటి వివరాలు చూడవచ్చు. పట్టం కట్టుకోకుండానే పోయిన ఇద్దరు యువరాజుల బొమ్మలు తెలుగు నేల దాకా వచ్చాయన్నమాట.

ఇక్కడివాళ్ళకు గాయస్ ఎవరో, లూషియస్ ఎవరో తెలియవలసిన పనిలేదు. కానీ బొమ్మను చూశారు. కల్తీ లేని వెండికి అది గుర్తు. క్రీ.శ. 64లో నీరో నాణెం బరువునూ స్వచ్ఛతనూ తగ్గించాడు. మన దగ్గర దొరికిన వెండి నాణేలు ఎక్కువగా అంతకు ముందువే. సరిహద్దుకు అవతలి జర్మన్ తెగలు కూడా రెండు గుర్రాల రథమున్న పాత నాణేలనే ఇష్టపడేవాళ్ళని టాసిటస్ రాశాడు. సింహళ రాజు వేర్వేరు ముఖాలున్న డెనారియస్‌లను తూచి, పాలకులు మారినా బరువు మారలేదని రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడని ప్లినీ చెప్పిన కథ కూడా ఇలాంటిదే. ముఖం మారిందని ఆ రాజు గమనించాడు, మారని తూకానికి విలువ ఇచ్చాడు. రోమ్‌లో వంశాలు దేనికోసం కొట్టుకున్నాయో ఆ కీర్తి సముద్రం దాటేసరికి రాలిపోయి, వెండి నాణ్యత మాత్రం మిగిలింది. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు కనిపిస్తుంది. లోపల రాగి ఉందేమోనని పరీక్షించడానికి పెట్టారని కొందరు, చెలామణి నుంచి తప్పించడానికని మరికొందరు పండితులు అంటారు. ఏది నిజమైనా, రోమ్‌లో ఊహించడానికే భయపడే ఆ పని ఇక్కడ ఉలితో ఒక్క దెబ్బకు జరిగిపోయింది.

రాజు ముఖమున్న నాణెం మన పాలకులకు కొత్త కాదు. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాత రాజు నహపాణుణ్ణి ఓడించాక, అతని ముఖమున్న వెండి నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో దొరికిన పదమూడు వేలకు పైబడ్డ నాణేల్లో తొమ్మిది వేలకు మించి అలా తిరిగి ముద్రపడినవే. నహపాణుడి తల మీద శాతవాహనుల కొండ గుర్తు కూర్చుంది. తర్వాత శాతవాహనులు సొంతంగా వెండి నాణేలు వేసినప్పుడు నహపాణుడి వంటి క్షత్రపుల పద్ధతిలోనే రాజు తలను పెట్టారు. సీసం, రాగి నాణేల మీద ఏనుగు, సింహం, ఓడ వంటి గుర్తులు ఎక్కువగా ఉంటే, పులుమావి, యజ్ఞశ్రీ వెండి నాణేల మీద రాజు ముఖం ఉంటుంది. చుట్టూ ఒక వైపు ప్రాకృతం, రెండో వైపు ద్రావిడ భాషలో రాజు పేరు. ఆ రెండో వైపు అక్షరాల గురించి వచ్చే భాగంలో.